హెడ్ హంటర్స్‌లో గిటార్ వాయించింది ఎవరు? హెర్బీ హాన్‌కాక్ బృందంలోని మిగతావాళ్ళ గురించి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: జాజ్ పియానో వాద్యకారుడు హెర్బీ హాన్‌కాక్ 1973 ఆల్బమ్ 'హెడ్ హంటర్స్' విన్నారు. మొదటి పాట 'కమీలియన్' బాగా ఎక్కేసింది. అందులో చిక్-చిక్ అంటూ గీకినట్టు వినిపించే గిటార్ ఎవరిదో తెలుసుకోవాలి. హెర్బీ పేరు తప్ప మిగతావాళ్ళ పేర్లు ఎప్పుడూ వినలేదు. వాళ్ళు జాజ్ మనుషులా, ఫంక్ (లయే ప్రధానంగా కాలు కదిలించే సంగీతం) మనుషులా?

ముందు గిటార్ సంగతి తేల్చేద్దాం. గిటార్ ఎవరూ వాయించలేదు. ఆ ఆల్బమ్ మొత్తం వెతికినా గిటార్ లేదు. మీరు విన్న శబ్దం రెండు చోట్ల నుంచి వస్తోంది. ఒకటి, బేస్ గిటార్ మెడ మీద బాగా కిందికి, అంటే పై స్థాయి స్వరాల దగ్గరికి వెళ్ళి పాల్ జాక్సన్ వాయించిన ముక్క. రెండోది, హెర్బీ వాయించిన క్లావినెట్ అనే కీబోర్డు. ఈ రెండూ ఒకదాని సందుల్లో ఒకటి దూరడంతో మన చెవి 'ఎవరో గిటార్ వాయిస్తున్నారు' అని సర్దిచెప్పుకుంటుంది. బేస్ గిటారిస్టు పైన ఉన్నాడు సరే, మరి కింద మోగే ఆ బరువైన బేస్ లైన్ ఎవరిది? అది బేస్ గిటారే కాదు, సింథసైజర్, అంటే కరెంటుతో శబ్దాలు పుట్టించే కీబోర్డు. ఏఆర్‌పీ ఒడిస్సీ అనే మోడల్ మీద హెర్బీ వాయించాడు.

ఈ బృందాన్ని అర్థం చేసుకోవడానికి నాకు తెలిసిన మంచి దారి ఇదే. ఎవరి వాయిద్యం ఏ పని చేయాలో ఆ పని చేయడం లేదు. బేస్ వాడు గిటార్ పని చేస్తున్నాడు, పియానో వాడు బేస్ పని చేస్తున్నాడు. పైగా ఎవరూ పాటంతా నింపేయడం లేదు. ఒక్కొక్కరూ చిన్న ముక్క వాయించి, మిగతా చోటు ఇంకొకరికి వదిలేస్తున్నారు. నేను చాలాకాలంగా బేస్ వాయిస్తున్నాను కాబట్టి నా సమాధానం బేస్ వైపు కాస్త ఎక్కువ మొగ్గుతుంది, ఏమీ అనుకోకండి.

హెర్బీ గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలిసిందే. 1940లో షికాగోలో పుట్టాడు. 11 ఏళ్ళప్పుడు షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాతో మోట్సార్ట్ కన్‌చెర్టో వాయించాడు. గ్రిన్నెల్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదవడానికి చేరాడు. ఈ ఇంజినీరింగ్ విషయం గుర్తుంచుకోండి, సింథసైజర్ల దగ్గర పనికొస్తుంది. 1963 నుంచి 1968 దాకా జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ క్వింటెట్‌లో, అంటే అయిదుగురి బృందంలో, పియానో. ఆ తర్వాత సొంతంగా నడిపిన బృందాన్ని 'మ్వాండిషి' అంటారు. అందులో వాళ్ళు స్వాహిలీ పేర్లు పెట్టుకున్నారు, పాటలు ఇరవై నిమిషాలు కూడా సాగేవి, సింథసైజర్ కోసం ప్యాట్రిక్ గ్లీసన్‌ని ప్రత్యేకంగా పెట్టుకున్నారు. సంగీతం అద్భుతం. కానీ జనం తక్కువ, ఖర్చు ఎక్కువ. 1973కల్లా బృందాన్ని నడపడం హెర్బీకి భారమైంది.

డబ్బు ఒక్కటే కారణం అంటే అన్యాయం. ఆ సంగీతం గాలిలో తేలిపోతోందని, తనకి కాళ్ళ కింద నేల కావాలనిపించిందని హెర్బీయే చెప్పుకున్నాడు. అప్పటికి అతను నిచిరెన్ బౌద్ధంలోకి వచ్చాడు. మ్వాండిషిలో బేస్ వాయించిన బస్టర్ విలియమ్స్ ద్వారా పరిచయమైన దారి అది. మంత్రం జపిస్తూ కూర్చున్నప్పుడు ఫంక్ గాయకుడు స్లై స్టోన్ పాట మనసులో మెదిలిందనీ, తనకి ఆ సంగీతం అంత ఇష్టమైనప్పుడు దాన్ని వాయించడానికి సంకోచం ఎందుకని తనని తాను నిలదీసుకున్నాననీ అతను చెప్తాడు. జాజ్ వాళ్ళలో ఫంక్ అంటే చిన్నచూపు ఉండే రోజులవి. ఆ చిన్నచూపు తనలోనూ ఉందని అప్పుడు పట్టుకున్నాడన్నమాట.

ఇక్కడ అతని ముందు రెండు దారులున్నాయి. ఫంక్ నేర్చుకోగల జాజ్ వాళ్ళని తీసుకోవడం ఒకటి. జాజ్ తెలిసిన ఫంక్ వాళ్ళని తీసుకోవడం రెండోది. అతను రెండోదాని వైపు మొగ్గాడు. పాత బృందం నుంచి ఒక్కణ్ణే అట్టిపెట్టుకున్నాడు.

ఆ ఒక్కడు బెన్నీ మాపిన్. 1940లో డెట్రాయిట్‌లో పుట్టాడు. మీరు మైల్స్ డేవిస్ 'బిచెస్ బ్రూ' విని ఉంటే, అడుగున చీకట్లోంచి గొణిగినట్టు వినిపించే బేస్ క్లారినెట్ ఇతనిదే. హెర్బీ కంటే ముందు హొరేస్ సిల్వర్, లీ మోర్గన్ బృందాల్లో వాయించాడు, అంటే గట్టి జాజ్ బడి నుంచి వచ్చినవాడు. 'హెడ్ హంటర్స్'లో టెనర్ శాక్సఫోన్, సొప్రానో శాక్సఫోన్, శాక్సెల్లో, బేస్ క్లారినెట్, ఆల్టో ఫ్లూట్ అన్నీ అతనివే. శాక్సెల్లో అంటే చివర గొట్టం కాస్త వంగి ఉండే సొప్రానో రకం, అరుదుగా కనిపిస్తుంది.

బెన్నీని చాలామంది పట్టించుకోరు, ఎందుకంటే 'కమీలియన్'లో చాలాసేపు అతను మెలొడీ చెప్పేసి పక్కకి తప్పుకునే ఉంటాడు. నాకు అదే గొప్పగా అనిపిస్తుంది. టెనర్ శాక్స్ చేతిలో ఉన్నవాడికి అంత మంచి గ్రూవ్ (మళ్ళీ మళ్ళీ తిరిగే లయ పట్టు) దొరికితే ఎక్కడో ఒకచోట దూరిపోవాలనిపిస్తుంది. ఇతను ఆగుతాడు. అతని అసలు విశ్వరూపం చూడాలంటే మూడో పాట 'స్లై'కి వెళ్ళండి. స్లై స్టోన్ మీది గౌరవంతో పెట్టిన పేరు అది. మొదట్లో నింపాదిగా నడిచి, ఒక్కసారిగా వేగం అందుకుంటుంది. అక్కడ బెన్నీ సోలో, దాని వెనకే హెర్బీ క్లావినెట్ సోలో. కింద కాంగాలు (చేత్తో వాయించే పొడుగు డ్రమ్స్), డ్రమ్స్ మరిగిపోతుంటాయి. ఫంక్ ఆల్బమ్ అనుకుని కొన్నవాళ్ళు ఉలిక్కిపడే చోటు ఇదే. ఆఖరి పాట 'వెయిన్ మెల్టర్'లో మళ్ళీ అతని బేస్ క్లారినెట్ తక్కువ గొంతుతో వస్తుంది. రాత్రిపూట వినాల్సిన పాట.

ఇక పాల్ జాక్సన్. 1947లో ఓక్లండ్‌లో పుట్టాడు. శాన్‌ఫ్రాన్సిస్కోకి అఖాతం అవతల ఉండే ఈ ఊరికి ఫంక్ చరిత్రలో పెద్ద పేరుంది. టవర్ ఆఫ్ పవర్ ఆ ఊరి బృందమే. స్లై బృందంలో బొటనవేలితో తీగని కొట్టి వాయించే పద్ధతిని లోకానికి పరిచయం చేసిన ల్యారీ గ్రాహమ్ పెరిగిందీ అక్కడే. పాల్ మాత్రం కొట్టడు, వేళ్ళతోనే మీటుతాడు. చిన్న చిన్న స్వరాలు, వాటి మధ్య అంతకంటే చిన్న విరామాలు. ఒకే లైన్‌ని పాట పొడుగునా అచ్చుగుద్దినట్టు తిప్పడం ఇతనికి చేతకాదు. చేతకాదని కాదు, ఇష్టం లేదు. రెండు మూడు చుట్లు తిరిగేసరికి ఎక్కడో ఒక స్వరం జరుగుతుంది, ఒకటి మాయమవుతుంది, ఒకటి ముందుకొస్తుంది. కానీ తల ఊపుతున్నవాడికి ఆ తేడా తెలియదు. ఇది జాజ్ బేస్ వాళ్ళ అలవాటు, ఫంక్ వేషంలో వచ్చింది.

'కమీలియన్' మొదటి రెండు నిమిషాలు కాస్త దగ్గరగా విందాం. ముందు సింథ్ బేస్ ఒక్కటే. పక్కపక్క స్వరాలు మూడు ఎక్కి బి ఫ్లాట్ మీద దిగుతుంది. మళ్ళీ పక్కపక్క స్వరాలు మూడు ఎక్కి ఈ ఫ్లాట్ మీద దిగుతుంది. పాట సగం దాకా దాదాపు ఉన్నది ఇంతే. రెండే కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల గుంపులు): బి ఫ్లాట్ మైనర్ సెవెన్త్, ఈ ఫ్లాట్ సెవెన్త్. తర్వాత డ్రమ్స్ వస్తాయి. ఆ తర్వాత పాల్ బేస్ గిటార్ మీద పై స్థాయిలో ఆ గీకుడు ముక్క. దానిమీద క్లావినెట్. చివరికి శాక్స్‌తో మెలొడీ. ఒక్కొక్కరూ వచ్చి చేరుతుంటే ముందున్నవాళ్ళు ఏమీ మార్చరు. కొత్తగా వచ్చినవాడే ఖాళీ చూసుకుని సర్దుకుంటాడు. పల్లకీ మోసేవాళ్ళు కొత్త మనిషి భుజం పెట్టినా నడక తప్పనట్టు ఉంటుంది.

మన కర్ణాటక సంగీతం తెలిసినవాళ్ళకి ఇంకో సరదా. ఆ రెండు కార్డ్‌లలో ఉన్న స్వరాలన్నీ కలిపి బి ఫ్లాట్‌ని షడ్జమంగా, అంటే ఆరున్నర శ్రుతిగా పెట్టుకుని పాడుకోండి. రిషభం ఒక్కటి తప్ప ఖరహరప్రియ స్వరాలన్నీ ఉంటాయి. కానీ ఆ బేస్ లైన్ పైకి పాకేటప్పుడు మధ్యలో కాకలి నిషాదం ఒకసారి, అంతర గాంధారం ఒకసారి తగులుతాయి. రెండూ ఖరహరప్రియకి బయటివి. ఆ బయటి స్వరాలు రెండూ తీసేసి హార్మోనియం మీద వాయించి చూడండి, లైన్‌లో ఉన్న పొగరంతా పోతుంది. ఇది రాగం కాదు, గమకం లేదు, ఆ పోలికని ఇంతకంటే సాగదీయకూడదు. చెవికి ఒక పట్టు దొరకడానికి చెప్పాను, అంతే.

పాట సగానికి వచ్చేసరికి ఆ సింథ్ లైన్ ఆగిపోతుంది. ఇంకో గ్రూవ్ మొదలవుతుంది. ఇక్కడ పాల్ మామూలు బేస్ వాద్యకారుడిగా కిందికి దిగుతాడు, హెర్బీ ఫెండర్ రోడ్స్ ఎలక్ట్రిక్ పియానో అందుకుంటాడు. అంతవరకు ఒడిస్సీ మీద అరిచి గోల చేసిన మనిషి ఒక్కసారిగా మైల్స్ డేవిస్ దగ్గర వాయించిన మనిషి అయిపోతాడు. నన్నడిగితే ఆల్బమ్ మొత్తంలో బేస్, డ్రమ్స్, పియానో ముగ్గురూ ఒకరినొకరు వింటూ వాయించిన ఉత్తమమైన భాగం ఇదే. మన దగ్గర కేఫ్‌లలో, కాలేజీ ఫెస్ట్‌లలో 'కమీలియన్' వాయించే బ్యాండ్‌లు ఈ రెండో సగాన్ని దాదాపు ఎప్పుడూ వదిలేస్తాయి. పైగా సింథ్ లైన్‌ని బేస్ గిటారిస్టుకి అప్పగిస్తారు. తప్పేం లేదు, అందరూ అదే చేస్తారు. కానీ అప్పుడు పాల్ జాక్సన్ వాయించిన ముక్క పాటలోంచి పూర్తిగా మాయమైపోతుంది.

పాల్ తర్వాతి జీవితం చాలామందికి తెలియదు. 1985లో జపాన్ వెళ్ళి అక్కడే స్థిరపడ్డాడు. అక్కడి బడి పిల్లలకి నల్లజాతి అమెరికన్ల సంగీతం గురించి, దాని వెనకున్న చరిత్ర గురించి చెప్పే కార్యక్రమాలు చేశాడు. 2021 మార్చిలో చనిపోయాడు.

డ్రమ్స్ హార్వీ మేసన్. 1947, అట్లాంటిక్ సిటీ. బోస్టన్‌లో చదువుకుని లాస్ ఏంజెలెస్‌లో స్టూడియో డ్రమ్మర్‌గా పేరు తెచ్చుకున్నాడు. నొటేషన్ చూసి వెంటనే వాయించగలడు, ఏ శైలి అడిగినా ఇవ్వగలడు. జార్జ్ బెన్సన్ 'బ్రీజిన్' మీద ఉన్నది ఇతనే, తర్వాత 'ఫోర్‌ప్లే' బృందం స్థాపించినవాళ్ళలోనూ ఒకడు. స్టూడియో డ్రమ్మర్ అనగానే కొందరు తక్కువగా చూస్తారు, చెప్పింది వాయించి చెక్ తీసుకుని వెళ్ళిపోయే రకం అని. ఈ ఆల్బమ్‌లో అతని చేయి డ్రమ్స్‌తో ఆగలేదు. 'వాటర్‌మెలన్ మ్యాన్' కొత్త అరేంజ్‌మెంట్ అతనిదే. 'కమీలియన్' కర్తల పేర్లలో కూడా హెర్బీతో పాటు పాల్, హార్వీ, బెన్నీ ముగ్గురూ ఉన్నారు. బృంద నాయకుడు తన పేరు ఒక్కటే వేసుకోవడం మామూలుగా ఉండే వ్యాపారంలో ఇది చిన్న విషయం కాదు. రాయల్టీ అంటే జీవితాంతం వచ్చే డబ్బు.

'వాటర్‌మెలన్ మ్యాన్' హెర్బీకి కొత్త పాట కాదు. 1962లో 'టేకిన్ ఆఫ్' అనే తన తొలి ఆల్బమ్ కోసం రాశాడు. చిన్నప్పుడు షికాగో సందుల్లో పుచ్చకాయల బండి వచ్చేది, రాళ్ళ బాటమీద చక్రాల చప్పుడు, ఇళ్ళల్లోంచి ఆడవాళ్ళు బండివాణ్ణి కేకేసి పిలవడం, ఇవన్నీ కలిసి ఆ ట్యూన్ అయ్యాయి. మరుసటి ఏడాది మోంగో శాంటామరియా వాయించి దాన్ని పెద్ద హిట్ చేశాడు. పదకొండేళ్ళ తర్వాత హార్వీ దాన్ని పట్టుకుని వేగం తగ్గించి, బరువు పెంచి, గుర్తుపట్టలేనట్టు మార్చేశాడు. 1962 రికార్డు, 1973 రికార్డు వెంటవెంటనే వినండి. మెలొడీ వచ్చేదాకా ఒకే పాట అని మీకు తట్టదు.

ఆ కొత్త రూపంలో మొదట వినిపించేది డ్రమ్స్ కూడా కాదు. ఎవరో ఈల వేస్తున్నట్టు, మధ్య మధ్యలో గొంతుతో కూత వేస్తున్నట్టు ఒక వింత శబ్దం. అది బిల్ సమర్స్, చేతిలో బీరు సీసా.

బిల్ సమర్స్ 1948లో డెట్రాయిట్‌లో పుట్టాడు. బర్క్‌లీ యూనివర్సిటీలో ఎత్నోమ్యూజికాలజీ చదివాడు, అంటే లోకంలోని రకరకాల సంగీతాలు ఎక్కడ, ఎందుకు, ఎలా వాయిస్తారో శాస్త్రీయంగా చదివే చదువు. ఫంక్ బ్యాండ్‌లలో పర్కషన్ అంటే మామూలుగా ఒక జత కాంగాలు, ఒక ట్యాంబరిన్, అంతటితో సరి. ఇతని సామాను చూడండి: కాంగాలు, షెకెరె, బలఫోన్, అగోగో, కబాసా, సుర్దో, గంకోగుయి, దుంగని తొలిచి చేసిన డ్రమ్. షెకెరె అంటే ఎండిన సొరకాయ బుర్ర చుట్టూ పూసల వల కట్టినది, ఆడిస్తే పూసలు బుర్రకి తగిలి మోగుతాయి. బలఫోన్ అంటే చెక్క పలకల వరస, వాటి కింద మళ్ళీ సొరకాయ బుర్రలే. ఒక్క మనిషి పశ్చిమ ఆఫ్రికా, బ్రెజిల్, క్యూబాలని స్టూడియోకి మోసుకొచ్చాడు.

ఇక సీసా సంగతి. మధ్య ఆఫ్రికా అడవుల్లో బా-బెంజెలె అనే ప్రజలున్నారు. వాళ్ళకి 'హిండెహు' అనే చిన్న గొట్టం ఉంది. దానికి ఒక్కటే స్వరం. గొట్టం ఊదుతారు, వెంటనే గొంతుతో వేరే స్వరం పాడతారు, మళ్ళీ గొట్టం, మళ్ళీ గొంతు. ఒక్క స్వరం పలికే గొట్టంతో పూర్తి ట్యూన్ పుడుతుంది. 1966లో సిమ్హా ఆరమ్, జెనెవీవ్ తోరెల్ ఇచ్చిన రికార్డింగుల ద్వారా ఇది బయటి ప్రపంచానికి తెలిసింది. బిల్ ఆ పద్ధతిని పట్టుకుని బీరు సీసా మీద చేశాడు. మీరూ ఒక ఖాళీ సీసా తీసుకుని ప్రయత్నించండి. ఊదడం వస్తుంది, పాడడం వస్తుంది, ఒకదాని వెంట ఒకటి తాళం తప్పకుండా మార్చడం దగ్గర ఊపిరి అందదు.

దీని మీద తర్వాత వివాదం కూడా వచ్చింది, అది కూడా తెలుసుకోవాలి. స్టీవెన్ ఫెల్డ్ అనే ఎత్నోమ్యూజికాలజిస్ట్ ఈ విషయం మీద రాశాడు. 1994లో మడోనా 'శాంక్చువరీ' పాటలో హెర్బీ రికార్డు నుంచి ముక్క వాడుకుంది, కర్తల్లో హెర్బీ పేరు చేరింది. అసలు బాణీ ఎవరిదో ఆ అడవి మనుషుల పేరు మాత్రం ఎక్కడా లేదు. బిల్, హెర్బీ దీన్ని దొంగతనంగా చూడలేదు, సముద్రం అవతలికి చేరిన సోదరులు తమ మూలాలని అందుకోవడంగా చూశారు. ఆ భావనని నేను తేలిగ్గా తీసెయ్యను. కానీ ఆల్బమ్ లక్షల్లో అమ్ముడయ్యాక 'సోదరులు' అన్న మాట ఒక్కటే సరిపోదని నా అభిప్రాయం. డబ్బు ఇటు వచ్చింది, అటు పోలేదు.

హెర్బీని కూడా ఈ బృందంలో ఒక సభ్యుడిగానే చూడాలి. ఇక్కడ అతను గ్రాండ్ పియానో ముట్టుకోలేదు. ఫెండర్ రోడ్స్, క్లావినెట్, రెండు ఏఆర్‌పీ సింథసైజర్లు. క్లావినెట్ జర్మనీలో హోనర్ కంపెనీ చేసింది. లోపల నిజంగానే తీగలుంటాయి. మీట నొక్కితే తీగ లోహానికి తగిలి మోగుతుంది, ఆ మోతని గిటార్‌లో ఉన్నట్టే పికప్ పట్టుకుంటుంది. అందుకే మీకు గిటార్‌లా వినిపించింది. 1972లో స్టీవీ వండర్ 'సూపర్‌స్టిషన్' దాన్ని ఫంక్‌కి గుర్తుగా మార్చేసింది. మ్వాండిషిలో సింథసైజర్‌కి ఇంకో మనిషిని పెట్టుకున్న హెర్బీ ఇక్కడ తనే వాయించాడు. ఇంజినీరింగ్ బుర్ర ఉన్నవాడికి ఆ నాబ్‌లంటే భయం ఉండదు కదా.

ఈ అయిదుగురూ 1973 సెప్టెంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రికార్డ్ చేశారు. అక్టోబర్‌లో కొలంబియా కంపెనీ విడుదల చేసింది. నాలుగే పాటలు, మొదటిది ఒక్కటే 15 నిమిషాల పైన. అమెరికా ఆల్బమ్‌ల అమ్మకాల పట్టిక బిల్‌బోర్డ్ 200లో 13వ స్థానం దాకా వెళ్ళింది. అంత పొడుగు వాద్య సంగీతానికి అది మామూలు విషయం కాదు. జాజ్ పత్రికల్లో కొందరు హెర్బీ అమ్ముడుపోయాడని తిట్టారు కూడా.

పర్యటనల దగ్గరికి వచ్చేసరికి హార్వీ రాలేదు. లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో చేతినిండా పని ఉన్నవాడు బస్సెక్కి ఊళ్ళు తిరగడు. అతని స్థానంలో మైక్ క్లార్క్ వచ్చాడు. 1946లో శాక్రమెంటోలో పుట్టినవాడు, పాల్‌తో కలిసి ఓక్లండ్‌లో ఎన్నో రాత్రులు వాయించినవాడు. ఇది బృందానికి నష్టం కాలేదు, దాని స్వభావమే మారింది. హార్వీ ఇల్లు కట్టినట్టు వాయిస్తే మైక్, పాల్ ఇద్దరూ మాట్లాడుకుంటున్నట్టు వాయిస్తారు. 1974లో వచ్చిన 'థ్రస్ట్' ఆల్బమ్‌లో 'యాక్చువల్ ప్రూఫ్' వినండి. స్నేర్ డ్రమ్ మీద గట్టి దెబ్బ మీరు అనుకున్న చోట పడదు. దాని చుట్టూ మాత్రం వినీ వినిపించనంత మెత్తటి దెబ్బలు చాలా ఉంటాయి, డ్రమ్మర్ల భాషలో ఘోస్ట్ నోట్స్. పాల్ ఒక్క చుట్టు కూడా రెండోసారి అదే వాయించడు. తాళం వేసుకుంటూ వినడం మొదలుపెట్టండి, ఎక్కడో జారిపోతారు, మళ్ళీ అందుకుంటారు. అదే ఆల్బమ్‌లో 'బటర్‌ఫ్లై' ఉంది, బెన్నీ, హెర్బీ కలిసి రాసింది. టెన్షన్ అంతా కరిగిపోయే పాట.

తర్వాత బృందం పెరిగింది. గిటారిస్టు డ్వేన్ మెక్‌నైట్ చేరాడు, 'బ్లాక్‌బర్డ్' అనేది అతని ముద్దుపేరు. చివరికి ఈ బృందంలోకి గిటార్ వచ్చిందన్నమాట. అతను ఆ తర్వాత పార్లమెంట్-ఫంకడెలిక్‌లోకి వెళ్ళాడు. అతనితో కలిసి 1975లో జపాన్‌లో చేసిన కచేరీ 'ఫ్లడ్' అనే ఆల్బమ్‌గా వచ్చింది, చాలాకాలం జపాన్‌లో మాత్రమే దొరికేది. హెర్బీ లేకుండా మిగతావాళ్ళు 'ద హెడ్‌హంటర్స్' పేరుతో అదే ఏడాది 'సర్వైవల్ ఆఫ్ ద ఫిటెస్ట్' చేశారు. అందులో 'గాడ్ మేక్ మీ ఫంకీ' మొదట్లో వచ్చే మైక్ క్లార్క్ డ్రమ్స్‌ని హిప్‌హాప్ వాళ్ళు ఎన్ని పాటల్లో వాడుకున్నారో లెక్కలేదు.

జాజ్ వాళ్ళా ఫంక్ వాళ్ళా అన్న మీ ప్రశ్నకి సూటిగా చెప్పాలంటే, బెన్నీ జాజ్ నుంచి వచ్చాడు. పాల్, మైక్ చిన్నప్పటి నుంచీ రెండూ కలిపే వాయించారు. హార్వీ అడిగినది వాయించే వృత్తి నిపుణుడు. బిల్ ఈ రెండింటిలో ఏ పెట్టెలోనూ ఇమడడు. పాట పైకి వినిపించే రూపం ఫంక్: ఒకే గ్రూవ్, రెండు కార్డ్‌లు, కాలు కదలాలి. లోపల నడిచే పద్ధతి జాజ్: ఎదుటివాడు ఈ క్షణంలో చేసినదాన్ని బట్టి నేను మార్చుకుంటాను. మామూలు ఫంక్ బ్యాండ్‌లో బేస్ వాడు మారిస్తే నాయకుడు జరిమానా వేస్తాడు. జేమ్స్ బ్రౌన్ నిజంగానే వేసేవాడు. హెర్బీ దగ్గర మార్చకపోతేనే ఇబ్బంది.

హెర్బీ తన మనుషుల్లో కొందరిని తనే పరిచయం చేస్తుంటే వినాలని ఉంటే అదీ దొరుకుతుంది. 1976 జూన్ 29న న్యూయార్క్‌లో న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో భాగంగా అతని కచేరీ జరిగింది. ఒకే సాయంత్రం మూడు బృందాలు: మైల్స్ నాటి క్వింటెట్ మనుషులు, మ్వాండిషి, అప్పటి ఫంక్ బృందం. 'వీ.ఎస్.ఓ.పీ.' పేరుతో వచ్చిన ఆ రికార్డులో వాద్యకారుల్ని పేరుపేరునా పరిచయం చేసే ఘట్టాన్ని అలాగే ఉంచారు. ఫంక్ బృందంలో బెన్నీ, పాల్ ఉన్నారు. వా వా వాట్సన్, రే పార్కర్ జూనియర్ అని ఇద్దరు గిటారిస్టులు కూడా ఉన్నారు. మూడు బృందాలూ వరసగా వింటే హెర్బీ పక్క మనుషుల్ని బట్టి తను ఎంత మారిపోతాడో అర్థమవుతుంది.

మన తెలుగు శ్రోతలకి దగ్గరి చుట్టరికం కూడా ఒకటుంది. 2010లో హెర్బీ 'ది ఇమాజిన్ ప్రాజెక్ట్' అనే ఆల్బమ్ చేశాడు, దేశదేశాల కళాకారులతో. అందులో 'ద సాంగ్ గోస్ ఆన్' పాటలో చాకా ఖాన్, అనౌష్కా శంకర్, వేన్ షార్టర్‌లతో పాటు మన కె.ఎస్. చిత్ర గారు పాడారు. మన సినిమాల్లో ఇన్నేళ్ళుగా వింటున్న గొంతు హెర్బీ పియానో మీద వినిపిస్తుంటే కాసేపు వింతగా ఉంటుంది. చాకా ఖాన్ గొంతు పక్కన ఆవిడ గొంతుని ఎలా నిలబెట్టారో గమనించండి. ఇద్దరూ ఒకరిలా మరొకరు పాడడానికి ప్రయత్నించరు.

వినే వరస అడిగితే నేను ఇలా చెప్తాను. ముందు 'హెడ్ హంటర్స్' మళ్ళీ ఒకసారి, ఈసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. ఫోన్ స్పీకర్‌లో సింథ్ బేస్ సగం వినపడదు, పాల్ గీకుడు ముక్క ఏది, క్లావినెట్ ఏది అన్నది అసలే తేలదు. తర్వాత 'థ్రస్ట్'. ఆ తర్వాత వెనక్కి వెళ్ళి మ్వాండిషి కాలం నాటి 'క్రాసింగ్స్' (1972) వినండి, అదే హెర్బీ, అదే బెన్నీ ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చారో చెవికే తెలుస్తుంది. అది కష్టంగా ఉంటే పక్కన పెట్టి బెన్నీ సొంత ఆల్బమ్ 'ద జ్యూవెల్ ఇన్ ద లోటస్' (1974) పెట్టుకోండి. అందులో హెర్బీ, బిల్ సమర్స్ ఇద్దరూ ఉన్నారు, ఫంక్ వాసన కూడా ఉండదు. మీరు బేస్ నేర్చుకుంటుంటే మాత్రం 'కమీలియన్' సింథ్ లైన్‌తో ఆగిపోకండి. అది ఒక్క సాయంత్రంలో వచ్చేస్తుంది. పాల్ పై స్థాయిలో వాయించిన ముక్కని పట్టుకోండి, సింథ్ లైన్‌ని స్నేహితుడి కీబోర్డుకి వదిలెయ్యండి.